ఆపరేషన్ ఖాళీ ట్రే

రాజోలు బస్‌స్టాండులో పట్టపగలు సైలెన్సర్ పిస్టల్ పేలింది. రొయ్యల ల్యాబ్ టెక్నీషియన్ ఆనందరావు చేతిలోని టీ గ్లాసుతో సహా కూలిపోయాడు. అది 1998 వేసవి.

"అతను మన మనిషే," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంటు చీఫ్ ప్రకాశరావు. "ఆఖరిసారి వైర్‌లెస్‌లో ఒక్క మాట చెప్పాడు. కోనసీమ రొయ్యలు మేత తింటున్నాయి, కానీ ఒంటబట్టడం లేదట. విదేశీ ముఠా పని. మన రొయ్య చస్తే మార్కెట్ వాళ్లది. వెళ్లు. దొరికిపోతే నువ్వెవరో మాకు తెలీదు."

"దొరక్కపోయినా మీకు గుర్తుండను సార్," అన్నాడు ఏజెంట్ కేశవరావు.

మందుల సేల్స్‌మన్ వేషంలో, మెడకి టై కట్టుకుని, రాజోలు దగ్గర దానం అనే రైతు చెరువు గట్టు ఎక్కాడు. వరి చేలో ఉప్పునీరు పెట్టి చెరువు చేసుకున్నవాడు దానం. ఈ పంట పోతే మళ్లీ రొయ్య వేసే ఓపిక లేదు, ఆ నేలలో వరి పండదు.

"మేత వేసిన ట్రే ఎప్పుడెత్తినా ఖాళీయేనండీ," అన్నాడు దానం. "ఆకలి మీదున్నాయి కదా అని ఇంకా వేసేనండి."

"రోజూ పెంచారా?"

"ఆయ్. అందరం అలాగే చేసేమండి."

విసురు వలలో పడిన రొయ్య ఒకటి తీసి, తలలోని జీర్ణగ్రంథి రసాన్ని కేశవరావు తన వాచీ అడుగునున్న టెస్ట్ కిట్‌లో వేశాడు. మేతలోని ప్రొటీన్‌ని ముక్కలు చేసేది ట్రిప్సిన్ అనే ఎంజైమ్. ముక్కలైతేనే అది కండ అవుతుంది. ట్రిప్సిన్ పనిచేస్తే రసం పసుపు రంగుకి తిరగాలి. తిరగలేదు. మేతలో ఎవరో కలిపిన, పచ్చి సోయాలోంచి తీసిన మందేదో దాన్ని కట్టేసింది.

తిన్నది అరక్కుండానే బయటికి పోయి, చెరువు అడుగున నల్లగా కుళ్లుతోంది. ముఠా మొదలుపెట్టిన హత్యని దానం చేతులే పూర్తి చేస్తున్నాయి.

"మేత ఆపెయ్యండి."

"ఆపితే ఆకలితో చస్తాయి కదండీ!"

ఏజెంటు టై సరిచేసుకుని గట్టు దిగాడు.

మేత తయారయ్యే మిల్లు మండపేట శివార్లలో ఉంది. క్వాలిటీ మేనేజర్ సత్యశ్రీ డిపార్ట్‌మెంటు మనిషే. నల్లకళ్లద్దాలు, ఎండుచేపల పొడి కంపుని కూడా ఓడించే ఫారిన్ సెంటు.

"మండపేటలో వాన పడిందా?" అడిగాడు కేశవరావు.

"పడింది. ధాన్యం తడవలేదు."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ లోపలికెళ్లాక ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"ఏమీ అనుకోకండి కేశవరావుగారూ. నాకు రెండు ఆఫీసులండి."

మిక్సర్‌లో మందు అప్పటికే కలిసిపోయింది. మేత పిండి, దాన్ని గుళికలుగా నొక్కే ప్రెస్ వైపు జారుతోంది. బయట కోనసీమకంతటికీ వెళ్లాల్సిన లారీలు నిలబడి ఉన్నాయి. కేశవరావు కన్ను స్టీమ్ గేజ్ మీద పడింది. ముల్లు అట్టడుగున ఉంది. ఆవిరి కావాలనే తగ్గించారు. అంటే ఈ మందుకి వేడి గిట్టదు!

టై పిన్ నొక్కాడు. నల్లకళ్లద్దాల వెనక కూడా కళ్లు చెదిరేలా ఫ్లాష్ మెరిసింది. ఆమె కాల్చిన గుండు అతని చెవి పక్కనుంచి పోయింది. ఒక్క గెంతులో వాల్వ్ అందుకుని పూర్తిగా తిప్పాడు. ఆవిరి బుస్సుమంది. ప్రెస్‌లో పడే ఆఖరి సెకనులో పిండంతా ఉడికి, అందులోని మందు చచ్చింది.

"ఎలా కనిపెట్టేరు?" చూపు తిరిగొచ్చేసరికి చేతులకి పడ్డ బేడీలు చూసుకుంటూ అడిగింది సత్యశ్రీ.

"పప్పు ఉడక్కపోతే ఎవరికి అరుగుతుందండీ?"

మర్నాడు దానం చెరువులో రొయ్యలు చచ్చి తేలి ఉన్నాయి. అడుగున కుళ్లిన మేత ప్రాణవాయువంతా మింగి నీటిని చంపేసింది. గట్టు నిండా కొంగలు.

"ఇకనుంచి మంచి మేత వస్తుంది దానంగారూ. అరుగుతుంది."

"ఎవరికండీ?" అన్నాడు దానం.

ఏజెంట్లు ఏడవకూడదు. మందుల సేల్స్‌మన్లకి అలాంటి రూలేమీ లేదు కాబట్టి కేశవరావు ఏడ్చాడు.

వైర్‌లెస్ కీచుమంది. చీఫ్ గొంతులో సంబరం.

"శభాష్! కోనసీమ రొయ్యని కాపాడావు. వచ్చేటప్పుడు ఓ రెండు కేజీలు పట్టుకురా. పెద్దవి చూసి."