దర్శి దాకా వినిపించిన మాట

"అమ్మో, వచ్చేశారు!" అంటూ మాధురి వరసగా తుమ్మింది.

యలమంద గుమ్మంలోనే ఆగిపోయాడు. మిర్చి యార్డులో బస్తాలు దించి నేరుగా వచ్చాడు. చొక్కా నిండా ఎర్రటి దుమ్ము.

"దులుపుకునే వచ్చానండి."

"మీరు సందు మొదట్లో ఉండగానే నా ముక్కుకు సిగ్నల్ అందుతుంది."

గుంటూరులో కరీముల్లా గారి హ్యామ్ రేడియో కొట్టు అది. లైసెన్సు తీసుకుని, సొంత సెట్టు కట్టుకుని, ఊరూరి వాళ్ళతో గాలిలో కబుర్లు చెప్పుకునే వాళ్ళకు చుట్టుపక్కల అదొక్కటే దిక్కు. సెల్‌ఫోన్లు వచ్చాక వచ్చేవాళ్ళు తగ్గారు. 2003 జూలైలో ఆ రోజు కొట్టుకు ఆఖరి రోజు.

ఎంఎస్సీ చదివే మాధురి అక్కడికి వచ్చేది తన సెట్టుకు కాయిల్స్ కోసం. యలమంద వచ్చేది మాధురి కోసం. రేపటి నుంచి వచ్చి నిలబడటానికి ఈ గుమ్మం ఉండదు. మనసులో మాట ఇవాళ చెప్పెయ్యాలని పొద్దున్నుంచీ ధైర్యం కూడదీసుకుంటున్నాడు.

"టీ తాగుతారా అండి?"

"ఇప్పుడే తాగాను. ఇంకేమైనా చెప్పాలా?"

"వాన వచ్చేలా ఉందండి."

"వాతావరణ వార్తలకు థాంక్సండి."

సాయంత్రం కరీముల్లా గారు సెట్టు ఆన్ చేశారు. కొట్టుకు వీడ్కోలు చెప్పడానికి పాత స్నేహితులందరూ లైన్లోకి వచ్చారు.

"ఒరేయ్ యలమందా, ఇట్రా. కొత్త లైసెన్సు నీది. అందరికీ ఒక ముక్క చెప్పు."

యలమంద మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. "నమస్కారమండి. కొట్టు మూసేస్తున్నారండి. బాధగా ఉందండి. నా పక్కన ఎక్స్‌వైఎల్ మాధురి ఉన్నారండి. ఓవర్."

హ్యామ్‌ల భాషలో అమ్మాయిని వైఎల్ అంటారని అతనికి తెలుసు. వట్టి వైఎల్ అంటే పేరు పెట్టి పిలిచినట్టుంటుందనీ, ముందు ఎక్స్ చేరిస్తే "గారు" అన్నట్టు మర్యాదగా ఉంటుందనీ సొంతంగా తేల్చుకున్నాడు.

మంగళగిరి నుంచి మొహిద్దీన్ బాషా అందుకున్నాడు. "కంగ్రాట్స్ రా! పెళ్ళెప్పుడైంది? బిర్యానీ ఏదీ? ఓవర్."

కరీముల్లా గారు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

"ఎక్స్‌వైఎల్ అంటే ఏంటండీ?" యలమంద గుసగుసగా అడిగాడు.

"భార్య!" అంది మాధురి, చెవులదాకా ఎర్రబడి.

ఇంతలో ఇంకో గొంతు. "దర్శి నుంచి నాగేంద్రబాబు. కరీముల్లా గారూ, మా అమ్మాయి పెళ్ళికి మమ్మల్ని కూడా పిలిస్తే వచ్చేవాళ్ళం కదండీ. ఓవర్."

"మా నాన్న!" అంది మాధురి.

తప్పయిందండి అంటే అక్కడితో అయిపోతుంది. కొట్టూ అయిపోతుంది. యలమంద మైకు బటన్ నొక్కాడు.

"యలమందనండి. ఎక్స్ అంటే గారు అనుకున్నానండి. తెలియక అన్నాను." ఆగాడు. వేలు మాత్రం బటన్ మీదే ఉంది. "తెలిసుంటే ముందు ఆమెను అడిగి, తర్వాత మిమ్మల్ని అడిగి, అప్పుడు అనేవాణ్ణండి. ఓవర్."

అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆ కొట్టులో అంతకుముందు ఎవరూ వినలేదు.

"ఏమ్మా మాధురీ, మరి నిన్ను అడిగాడా? ఓవర్."

మాధురి మైకు లాక్కుంది. "టీ తాగుతారా అని అడిగాడు నాన్నా. వాన సంగతి చెప్పాడు. అసలుది ఇప్పుడే, ఊళ్ళన్నీ వింటుండగా అడిగాడు." గొంతు తగ్గింది. "నాకిష్టమే. ఓవర్."

గరగరలోంచి నాగేంద్రబాబు గొంతు వచ్చింది.

"కరీముల్లా గారూ, ఆదివారం అబ్బాయిని తీసుకుని దర్శి రండి. పెద్దరికం మీదే. మీకూ ఇక తీరికే కదా. ఓవర్."

కరీముల్లా గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "వస్తామండి. ఈ కొట్టు నుంచి ఇదే ఆఖరి మాట. అందరికీ సెలవు." స్విచ్ దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చింది. "నావల్ల కాదు. మీరిద్దరూ ఆపండమ్మా."

ఇద్దరి చేతులూ ఒకేసారి స్విచ్ మీద పడ్డాయి. సెట్టులో వెలుగు ఆరిపోయింది. గరగర ఆగింది. చేతులు మాత్రం అక్కడే ఉన్నాయి.

కరీముల్లా గారు బయట తాళం పట్టుకుని చూశారు, చూశారు.

"ఒరేయ్, సెట్టు ఆగిపోయి చాలాసేపైంది. ఇక బయటికి రండి, షట్టర్ దించాలి."