రెండుసార్లు మాయమైన హ్యాండ్‌పీస్

చర్మవ్యాధుల డాక్టరమ్మ డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"ఇది రెండోసారి మేడం! మొన్న పోయి, మర్నాడు హాల్లో పూలకుండీ వెనక దొరికింది, తువ్వాల్లో పొందిగ్గా చుట్టి. ఇవాళ మళ్ళీ మాయం. పోలీసుల దగ్గరికెళితే ముందు మా నర్సమ్మ మీద పడతారు. పాపం, నోట్లో నాలుక లేని మనిషి."

పోయింది చర్మాన్ని బిగించే యంత్రం తాలూకు హ్యాండ్‌పీస్, అంటే చేత్తో పట్టుకుని ముఖానికి ఆనించి వేడి పెట్టే పిడి. ఆ యంత్రం లేకుండా అది ఎందుకూ కొరగాదు.

"రెండుసార్లూ ఎవరికి వైద్యం చేయబోతుంటే పోయింది?" అంది డిటెక్టివ్.

డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "ఒక్కరికే! నాకు పాట నేర్పిన గురువుగారికి."

పెద్ద జబ్బు చేసి లేచాక ఆ గాయనికి చెంపలు లోపలికి పీక్కుపోయాయి, దవడ కింద చర్మం వేలాడింది. రెండు నెలల్లో మళ్ళీ వేదిక ఎక్కాలి. ముందు యంత్రం వేడితో చర్మం బిగించి, కొన్ని వారాలు ఆగి, ఇంజెక్షన్లతో చెంపలు నింపాలని డాక్టరమ్మ ఆలోచన.

డిటెక్టివ్ వెంట ఆమె సహాయకుడూ క్లినిక్‌కి బయల్దేరాడు. టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన ఆ పెద్దమనిషికి, కూతురి వయసున్న ఈ మేడం బుర్రంటే ప్రాణం.

వైద్యం గదిలో తాళం లేని అద్దాల బీరువా నిండా ఖరీదైన ఇంజెక్షన్లున్నాయి. ఒక్కటీ తగ్గలేదు. అపాయింట్‌మెంట్ల పుస్తకం పట్టుకుని నర్సమ్మ ముక్కు చీదుతోంది. కొత్త యంత్రం కొనమని పోరుతున్న మెకానిక్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను ఈ ఊళ్ళో దిగిందే ఇవాళ పొద్దున!" అని బస్సు టికెట్టు చూపించాడతను.

హాల్లో గాయని నుదుటి చెమటను కోడలు తుడుస్తోంది. ముఖమంతా తుడిచింది గానీ చెంపలు మాత్రం వదిలేసింది. 'ఎంత సుతారంగా చూసుకుంటోందో!' అనుకున్నాడు సహాయకుడు. డిటెక్టివ్ మాత్రం మందంగా అద్దిన పౌడరు కింద, చెంప ఎముక దగ్గర పసుపుపచ్చగా మారిన కమిలిన మచ్చను చూసింది.

అందర్నీ డాక్టరమ్మ గదిలోకి పిలిచింది.

"దొంగకి డబ్బు అక్కర్లేదు, బీరువా ముట్టుకోలేదు కాబట్టి. వస్తువు పాడవకూడదు, అందుకే తువ్వాలు చుట్టారు. కావలసిందల్లా ఈవిడకి వేడి తగలకపోవడం. మొదటిసారి పోయినప్పుడు మెకానిక్ ఊళ్ళోనే లేడు. నర్సమ్మైతే పుస్తకంలో తేదీ మార్చేస్తే, ఈవిడైతే తనే వద్దంటే సరిపోయేది. వైద్యం ఆపాలి, కారణం మాత్రం చెప్పకూడదు. అలా ఇరకాటంలో పడ్డది ఒక్కరే. ఈవిడ చెంప మీద పౌడరు కింద దాచిన మచ్చ సూది పోటుదే. అమ్మా, మీ అత్తగారు చెంపలు ఎప్పుడు నింపించుకున్నారు?"

కోడలు భోరుమంది. చేతిసంచీలోని శాలువా మడతల్లోంచి హ్యాండ్‌పీస్ తీసి బల్ల మీద పెట్టింది.

"పది రోజులైందండీ. వేరేచోట. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. కొత్తగా నింపినచోట వేడి పెట్టకూడదని ఆ పార్లర్‌వాళ్ళు ఇచ్చిన కాగితంలో ఉంది. అత్తయ్యకి చెబితే ఏం కాదులే అన్నారు. నాకు ఇంకేం తోచలేదు. నర్సమ్మా, నన్ను క్షమించు."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "బుగ్గలు కాస్త నిండుగా ఉంటే, అన్నం సయిస్తోంది కాబోలు అని మురిసిపోయానండీ! నాకెందుకు చెప్పలేదు?"

"తిడతావని భయమేసిందే," అంది గాయని చిన్నబోయి. "శ్రుతి తప్పినప్పుడల్లా నిన్ను తిట్టిన తిట్లన్నీ వడ్డీతో అప్పజెబుతావనుకున్నా. వేదిక మీద ఆ పీక్కుపోయిన మొహంతో నిలబడలేకపోయానే."

డాక్టరమ్మ నవ్వలేక ఏడవలేక గురువుగారి గడ్డం పట్టుకుని, దీపం కింద చెంపలు నిదానంగా పరీక్షించింది. "గండం తప్పింది. ఇవి పూర్తిగా కుదురుకున్నాక నేను చూసి చెప్పేదాకా యంత్రం ఊసెత్తకండి. ఈలోగా పాట సాధన చేసుకోండి."

సహాయకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడం, దొంగని పట్టుకున్నందుకు నాకింత సంతోషం ఎప్పుడూ కలగలేదు."

గాయని కోడలి చెయ్యి పట్టుకుని లేచింది.

"ఇక మీకు ఒట్లు వెయ్యను అత్తయ్యా," అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

"వెయ్యకు. నేను తప్పు చేస్తే నలుగురిలోనైనా సరే, తిట్టు తల్లీ."