పింగాణీ గోళంలో బావ

బాస్ ముక్కుసూటిగా చెప్పాడు. "గోళం తయారుచేసిన డాక్టర్ మేడమ్ డబుల్ ఏజెంట్. మన జీతం తింటూ శత్రువులకి పనిచేస్తోంది. గోళం నీళ్లలో దిగేలోపు రుజువు పట్టు. అది లేకుండా టెస్ట్ ఆపడం నా వల్ల కాదు."

సముద్రం అడుగుకి దిగే ఆ సిరామిక్ గోళంలో కూర్చోబోయేది సాక్షాత్తూ ఏజెంట్ అక్క మొగుడు. పైగా ఏజెంట్ ల్యాబ్‌లో సీసాలు కడిగే మనిషి వేషంలో ఉన్నాడు. ఇంట్లోనూ అదే అబద్ధం.

జేబులో వైర్‌లెస్ పెన్నుతో ల్యాబ్‌లో దూరాడు. పొడిని అచ్చులో నొక్కి కొలిమిలో కాలిస్తే గట్టిపడేదే సిరామిక్. లోపల రంధ్రాలు మిగిలాయా, లోతులో నీటి ఒత్తిడికి పగిలిపోతుంది. అందుకే గోళంతోపాటు కాల్చిన ముక్కని పాలిష్ చేసి, మైక్రోస్కోప్‌లో ఫోటో తీస్తారు. నల్లచుక్కల్ని కంప్యూటర్ రంధ్రాలుగా లెక్కేస్తుంది. మేడమ్ తీసిన ఫోటోలో చుక్కలు దాదాపు లేవు.

ముక్కని మార్చలేదు, నంబరూ అదే. ఫోటో దిద్దిన జాడ కూడా లేదు. కిటికీ కింద రేవులో క్రేన్ సైరన్ మోగింది. "అయ్యో, అక్కకి ఏ మొహం చూపించను!" అనుకుంటూ తల పట్టుకున్నాడు.

అప్పుడు కనిపించింది. ఫోటోలో సన్నగా తేలాల్సిన సిరామిక్ రేణువుల అంచులు చెరిగిన కాటుకలా ఉన్నాయి. ఓసి దీని తెలివి తగలెయ్య! ఫోకస్‌ని వెంట్రుకవాసి తప్పించింది. మసకలో చిన్న రంధ్రాలు బూడిదరంగులో కలిసిపోతే కంప్యూటర్ వాటిని వదిలేస్తుంది. ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి మర తిప్పాడు. తెర నిండా నల్లచుక్కలు పుట్టుకొచ్చాయి.

వెనక సెంటు వాసన గుప్పుమంది. పట్టుచీరలో మేడమ్, చేతిలో పిస్టల్.

"సీసాలు కడిగేవాడికి ఫోకస్‌తో ఏం పని?"

"మురికి కనబడితే ఊరుకోలేను మేడమ్."

పాలిషింగ్ పొడి ఆమె కళ్లల్లోకి విసిరాడు. తోపులాటలో పెన్ను కాస్తా నలిగిపోయింది. బాస్‌కి కబురందే దారి లేదు. ఆమెని లోపలే ఉంచి గడియపెట్టి, రేవుకి పరుగెత్తాడు.

గోళం అప్పటికే గట్టు మీంచి లేస్తోంది. మూత సందులో బావ తల ఉంది.

"బావా, దూకెయ్! అది పగులుతుంది!"

"ఏరా బామ్మర్దీ, మళ్లీ నాటకమా? మొన్న నా చెప్పులు దాచినప్పుడూ ఇలాగే అరిచావు."

మూత మూసుకుంటోంది. ఏజెంట్ మోకాళ్ల మీద కూలబడి భోరుమన్నాడు. "అక్క మీద ఒట్టు బావా! నీ కాళ్లు పట్టుకుంటా, దిగు!"

బామ్మర్ది ఏడవగా బావ ఎన్నడూ చూడలేదు. మూత తోసి గట్టు మీదకి దూకేశాడు. రేవువాళ్లు మూత బిగించి, పరీక్షించడానికి ఖాళీ గోళాన్నే దింపారు. కాసేపటికి అడుగున ధన్‌మంది. నీళ్ల మీద బుడగలు లేచాయి.

బాస్ మనుషులు వచ్చి ల్యాబ్ గడియ తీసి మేడమ్‌ని తీసుకెళ్తుంటే బావ తేరుకుని, బామ్మర్దిని ఎగాదిగా చూశాడు.

"నిజం చెప్పు. నువ్వు సీసాలే కడుగుతావా?"

ఏజెంట్ కళ్లు తుడుచుకున్నాడు. "అవును బావా. అదే నా ఉద్యోగం."

"అయితే ఇంటికి పద. ఇవాళ అంట్లు తోమే వంతు నాది. కాస్త నీ పనితనం చూపిద్దువుగాని."