పదకొండుకి పడిపోవాల్సిన సర్వర్

కనకయ్యను పంజాగుట్ట చౌరస్తాలో, రెడ్ సిగ్నల్ దగ్గర, పట్టపగలు చంపేశారు.

చంపిన సంగతి కాసేపటిదాకా ఎవరికీ తెలియలేదు. సిగ్నల్ పచ్చగా మారింది. డివైడర్‌కి ఆనుకుని ఆగిన కనకయ్య స్కూటర్ మాత్రం కదల్లేదు. వెనక హారన్లు, తిట్లు. ఒక ఆటోవాలా తల బయటపెట్టి, "ఏమన్నా, సచ్చినవా? జల్ది కదులు!" అని అరిచాడు. మళ్లీ ఎర్రలైటు పడి, మళ్లీ పచ్చలైటు వచ్చాక ఒక కానిస్టేబుల్ వచ్చి భుజం తట్టాడు. కనకయ్య ఆ చేతి మీదకే ఒరిగిపోయాడు. మెడ మీద, కాలరుకు కాస్త పైన, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది.

అది 2000వ సంవత్సరం. ఊళ్లో ప్రతివాడికీ ఏదో ఒక కంప్యూటర్ కోర్సు నేర్చేసుకోవాలన్న ఆత్రం. చచ్చినవాడి కోసం ఆగే తీరిక ఎవరికుంది?

మర్నాడు పొద్దున బేగంపేటలో, ట్రావెల్స్ అని బోర్డున్న ఒక ఆఫీసు వెనక గదిలో ఓదెలు తన చీఫ్ ఎదురుగా కూర్చున్నాడు. గూఢచారికి ఓదెలు అని పేరేమిటని ఢిల్లీ వాళ్లు నవ్వేవారు. విన్న మరుక్షణం ఎవరికైనా అనుమానం తీరిపోయే పేరు అంతకన్నా మంచిది ఎక్కడ దొరుకుతుందో ఆ ఢిల్లీ వాళ్లే చెప్పాలి. కనకయ్య అతనికి ఈ వృత్తి నేర్పిన గురువు. రాత్రంతా నిద్రలేక ఓదెలు కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"బాధ తర్వాత పడుదువుగానీ, ముందు ఇది విను," అన్నాడు చీఫ్ అచ్యుతరావు. రాజమండ్రి మనిషి. ఎవరినీ ఓదార్చడం చేతకాదు. "మన 'కావలి' సర్వర్ ఈ నెలలో రెండుసార్లు పడిపోయింది. పడిన రెండుసార్లూ ఏమైందో తెలుసుగా?"

తెలుసు. తీరంలోని రాడార్లు చూసిందంతా కావలికి వస్తుంది. అది గస్తీ బోట్లకు దారి చూపుతుంది. మొదటిసారి అది పడిపోయినప్పుడు పేలుడు సామాను నింపుకున్న ఒక ముఠా పడవ దర్జాగా ఒడ్డుకు చేరింది. రెండోసారి, చీకట్లో దారి తెలియని గస్తీ బోటు ఆ ముఠాకే ఎదురెళ్లింది. ముగ్గురు చనిపోయారు. కావలికి ఉచితంగా దొరికే లైనక్స్ చాలు, కోట్లు పోసి విదేశీ సిస్టమ్ కొనక్కర్లేదని కమిటీ ముందు కొట్లాడి ఒప్పించింది ఓదెలే.

"ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ అంతేనని ఢిల్లీలో నవ్వుతున్నారు," అన్నాడు అచ్యుతరావు. "ఇవాళ పదకొండింటికి మరో పడవ వస్తోంది. ఆ టైముకి కావలి పడిపోతే పడవ ఒడ్డెక్కుతుంది. రేపటికల్లా ఆ విదేశీ సిస్టమ్ మన నెత్తిన కూర్చుంటుంది. దానికి దొడ్డిదారి ఉంది. తాళం ఆ ముఠా చేతిలో ఉంది."

"సాఫ్ట్‌వేర్ తప్పు కాదు సార్," అన్నాడు ఓదెలు. "పిల్లలు తలుపు కొట్టి ఉరుకుతరు సూడుండ్రి, గట్ల. వచ్చినోడి కోసం సర్వర్ తలుపు తెరిచి నిలబడ్తది. వాడు ఉండడు. గట్ల వేలమంది ఒక్కసారి కొడితే అసలైనోళ్లకు తలుపే దొరకదు. నేను ప్యాచ్ వేసిన. నాలుగు కంప్యూటర్ ల్యాబులు కలిసి కొడితే తట్టుకుంటది."

"నలభై కొడితే?"

ఓదెలు వేళ్ల మీద లెక్కవేసి, తల అడ్డంగా ఊపాడు.

"కనకయ్య ఆఖరి ఫోన్‌లో చెప్పింది అదే. దాడి అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ల నుంచేనట. కరెంటు తీయించేద్దామా?"

"ప్రతి ఇన్‌స్టిట్యూట్‌కు జనరేటర్ ఉన్నది సార్. క్లాసు నడుస్తుంటే దేవుడొచ్చి చెప్పినా మెషిన్ బంద్ చెయ్యరు. నేను గా గల్లీలనే సదువుకున్న."

"అయితే మన మనిషి సుమశ్రీని కలువు. అక్కడ లైనక్స్ చెబుతోంది. మూలం ఎక్కడుందో ఆవిడకి తెలుసట. పదిన్నరకల్లా నీ దగ్గర్నుంచి ఫోన్ రాకపోతే నేనే వ్యాన్‌లో మనుషుల్ని తీసుకుని వస్తా." అచ్యుతరావు సొరుగులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాడు. "క్యాప్ తిప్పితే మత్తు గ్యాస్. నీ మొహం పక్కకి పెట్టుకో."

అమీర్‌పేట సందులో ఆకాశం కనపడదు, బోర్డులు కనపడతాయి. జావా, ఒరాకిల్, నూరు శాతం ప్లేస్‌మెంట్. పొద్దుటి కరెంటు కోత, మేడమేడకీ జనరేటర్ మోత. ఓదెలు వెనక్కి దువ్విన నూనె తల, భుజాన బ్యాగు, చేతిలో జిరాక్స్ మెటీరియల్‌తో ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్లీ స్టూడెంట్ అయ్యాడు. ఎవరూ రెండోసారి చూడలేదు. అంతకన్నా పెద్దవాళ్లు చాలామందే తిరుగుతున్నారు.

ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో ఉంది. యజమాని చక్రపాణి మెట్ల దగ్గరే టేబుల్ వేసుకుని, వచ్చినవాళ్లను వచ్చినట్టు చేర్చుకుంటున్నాడు. లోపల సుమశ్రీ క్లాసు ముగించి బయటికి వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, తలమీదకి నెట్టిన నల్లకళ్లద్దాలు. ఆమె కోసమే లైనక్స్ నేర్చుకుంటున్నవాళ్లు ఆ గదిలో సగం మందైనా ఉంటారు.

"కొత్త బ్యాచ్ ఎప్పుడు మేడమ్?" అడిగాడు ఓదెలు.

"పాత బ్యాచ్‌కి ఉద్యోగాలొచ్చాక," అంది సుమశ్రీ. గుర్తుమాట సరిపోయింది. "రండి, మెయిన్ మెషిన్ చూపిస్తాను. టైము లేదు."

కారిడార్ చివర గదిలోకి అతన్ని ముందు పంపింది. కిటికీ పక్కన బల్ల మీద ఒక కంప్యూటర్, చక్రాల కుర్చీ, గోడకు ఆనించిన నల్ల గొడుగు. బయట రాళ్లు పగిలే ఎండ. వానచుక్క లేని రోజున గొడుగెందుకని ఓదెలు అనుకునేలోపే తలుపు వెనక నుంచి వచ్చిన పిస్తోలు అతని చెవి వెనక ఆగింది.

"కూర్చో," అన్నాడు సూటు వేసుకున్న తెల్లవాడు, ఇంగ్లీషులో. "నీ స్నేహితుడికి ఆ గొడుగు చివరి విషపు సూది చాలింది. నీకు ఇది."

సుమశ్రీ ముందుగా ఓదెలు జేబులోని పెన్ను తీసి కిటికీలోంచి విసిరేసింది. "నాకూ ఇచ్చారు ఇలాంటిది. లీకవుతుంది." నీలం రంగు నెట్‌వర్క్ కేబుల్‌తో అతని చేతులు కుర్చీ వెనక్కి కట్టింది. కాళ్లు కట్టేంత కేబుల్ మిగల్లేదు.

"కనకయ్యను నువ్వే అప్పజెప్పినవ్," అన్నాడు ఓదెలు. అతనికి ఆమె మీద కోపం కన్నా అసహ్యం ఎక్కువ కలిగింది.

"ఎప్పుడు ఎటు వెళ్తాడో నాకు చెప్పే వెళ్లేవాడు. నన్ను నమ్మాడు, పాపం." ఆమె స్క్రీన్ తిప్పి చూపించింది. "ఈ సందులో లైనక్స్ సీడీ కావాలంటే నా దగ్గరే కాపీ చేయించుకుంటారు. అందులో మా ప్రోగ్రామ్ కూడా పోతుంది. పదకొండు కాగానే ప్రతి ల్యాబూ నీ సర్వర్ తలుపు కొడుతుంది. ఎవరు కొడుతున్నారో అడ్రసు కూడా దొరకదు."

"ఒక్క ల్యాబు మూసినా..."

"మిగతావి చాలు." ఆమె నవ్వింది. "అన్నీ ఆలోచించే చేశాం ఓదెలు గారూ. ఈ సందులో సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ల పైరసీ రైడ్ అని పుకారు పుడుతూనే ఉంటుంది కదా. దొంగ సాఫ్ట్‌వేర్ ఉన్న మెషిన్లయితే ఆపేసి దాచేస్తారు. అందుకే లైనక్స్ ఎంచుకున్నాం. అది ఉచితం. లైసెన్సు గొడవే లేదు. రైడ్ వచ్చినా దాన్ని ఎవడూ ఆపక్కర్లేదు."

గోడ గడియారం పదకొండుకు దగ్గరపడింది. ఓదెలు కాళ్లతో నేలను తన్ని, కుర్చీని కిటికీ దగ్గరకు దొర్లించాడు. కింద టీ కొట్టు, గుంపులు గుంపులుగా జనం.

"కాపాడుండ్రి! చంపుతుండ్రు!" అని గొంతు చించుకుని అరిచాడు.

ముఠా పంపిన డెరిక్ అనే ఆ తెల్లవాడు అడ్డుపడలేదు, నవ్వాడు. కింద ఒక్క తల పైకి లేచింది, మళ్లీ టీ గ్లాసులోకి దిగిపోయింది.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కూడా ఇదే ఊరు, ఇదే జనం. గురువు శవం మీద హారన్ కొట్టిన జనం. వీళ్ల కోసమా ఆయన చచ్చింది? ఆ కోపంలోనే సుమశ్రీ మాట మళ్లీ ఓదెలు చెవిలో గిర్రుమంది. రైడ్ వచ్చినా దాన్ని ఎవడూ ఆపక్కర్లేదు.

ఆపక్కర్లేదు, నిజమే. కానీ తాను ఇక్కడ చదివిన రోజుల్లో రైడ్ అన్న కేక వినపడితే ఏ మెషిన్‌లో ఏముందో చూసిన మొనగాడు ఒక్కడైనా ఉన్నాడా? తనే కదా సీపీయూ నెత్తిన పెట్టుకుని వెనక మెట్లు దిగింది!

"రైడ్!" ఓదెలు గొంతు సందంతా మోగింది. "రైడొస్తుంది భాయ్! వ్యాన్ మైత్రీవనం కాడికొచ్చింది! కంపెనీవాళ్లు!"

టీ గ్లాసులు ఆగాయి. అదే క్షణాన సందు మొదట్లో నిజంగానే ఒక తెల్ల వ్యాన్ తిరిగింది. అందులోంచి సఫారీ సూట్ల మనుషులు దిగారు. పదిన్నర దాటినా ఫోన్ రాలేదని వచ్చిన అచ్యుతరావు, ఆయన మనుషులు. ఇక సందుకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"రైడ్! రైడ్!" ఈ మేడ నుంచి ఆ మేడకు కేకలు అందుకున్నాయి. షట్టర్లు ధడధడమని పడ్డాయి. జనరేటర్లు ఒక్కొక్కటే దగ్గి ఆగిపోయాయి. డెరిక్ నవ్వు మాయమైంది. పిస్తోలు ఎత్తి గురి చూస్తున్నాడు. అంతలో గదిలో ఫ్యాను ఆగింది, స్క్రీన్ నల్లబడింది, తలుపు ధడాలున తెరుచుకుంది.

"మేడమ్, సీపీయూలు తీయించండి!" అంటూ చక్రపాణి ఊడిపడ్డాడు. వెనకే నలుగురు ఫ్యాకల్టీ. చక్రపాణి చూపు సూటు వేసుకున్న తెల్లవాడి మీద పడింది, మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. రైడ్ రోజున, సూటులో, తెల్లవాడు. ఇంకెవరై ఉంటాడు?

"సార్! ఒక్క చాన్స్ సార్!" చక్రపాణి అమాంతం పిస్తోలున్న చేతినే రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "లైసెన్సులన్నీ రేపే కొంటాను సార్! పిల్లలుగలవాణ్ణి!" ఇద్దరు ఫ్యాకల్టీ కాళ్లు పట్టుకున్నారు. మిగతా ఇద్దరు రెండో చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టబోయారు. కాల్చిన ఒక్క గుండూ పైకప్పులోకి పోయింది. ఆ చప్పుడుకు వాళ్లు భయపడి ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

సుమశ్రీ గుమ్మం వైపు పరిగెత్తింది. ఓదెలు గోడను తన్ని కుర్చీతో సహా వెళ్లి ఆమెకు అడ్డంగా గుద్దుకున్నాడు. ఇద్దరూ నేలమీద పడ్డారు. గోడ గడియారం ముల్లు పదకొండు మీదకు వచ్చింది. ల్యాబులన్నీ చీకటి, నిశ్శబ్దం. సెల్లార్లలోనూ, మంచాల కిందా, ఆటో సీట్ల వెనకా దాక్కున్న వందలాది కంప్యూటర్లలో ఒక్కదానికీ టైమెంతో తెలియదు.

అచ్యుతరావు రొప్పుతూ మూడంతస్తులూ ఎక్కివచ్చేసరికి సెల్‌ఫోన్ చెవి దగ్గరే ఉంది. కాసేపు విన్నాడు. "కావలి నిలబడింది," అన్నాడు. "గస్తీ బోట్లు పడవని చుట్టుముట్టాయి. మనవాళ్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు." ఓదెలు కట్లు విప్పి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఓదెలుకు అప్పుడు ఏడుపొచ్చింది. గొడుగు వైపు చూస్తూ ఏడ్చాడు.

బేడీలు పడుతుంటే సుమశ్రీ చక్రపాణి మీద విరుచుకుపడింది. "లైనక్స్ ల్యాబ్ ఎందుకు ఆపారండీ? అది ఫ్రీ! దానికి రైడేంటి?"

చక్రపాణికి అప్పుడే అసలు సంగతి బోధపడుతోంది. అయినా చటుక్కున మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా అనండి మేడమ్. ఫ్రీ అని పిల్లలకి తెలిస్తే కోర్సులో ఎవడు చేరతాడు?"

మధ్యాహ్నం ఓదెలు కనకయ్య స్కూటర్ స్టేషన్ నుంచి విడిపించుకుని, వాళ్లింట్లో అప్పజెప్పడానికి బయల్దేరాడు. పంజాగుట్ట చౌరస్తాలో రెడ్ సిగ్నల్ పడింది. డివైడర్ పక్కనే ఆగాడు. సిగ్నల్ పచ్చగా మారింది. అతను కదల్లేదు. గురువు కోసం ఆ కాసేపు ఆగాలనిపించింది, ఆగాడు.

వెనక హారన్లు మొదలయ్యాయి. "ఏమన్నా, సచ్చినవా?" అని ఎవరో అరిచారు.

"లేదు భాయ్," అన్నాడు ఓదెలు, గేరు వేస్తూ. "అడిగినవ్ కదా, శుక్రియా."