ఊడని సొల్యూషన్

"అయ్యయ్యో, విన్నావా కోడలా! పెళ్లి గట్టిగా ఉండకూడదట! ఎప్పుడంటే అప్పుడు ఊడి రావాలట!"

పొద్దున్నే నాయనమ్మ పెట్టిన కేకకి, ముందు గదిలోని సైకిల్ షాపులో ట్యూబుకి గాలి కొడుతున్న తండ్రి గుండెలో గాలి కాస్తా పోయింది. పంపు వదిలేసి గ్రీజు చేతులతోనే లోపలికి పరుగెత్తాడు.

చూస్తే, కూతురు అప్పుడే ఫోను పెట్టేసి హాలంతా గంతులేస్తోంది.

"నాన్నా! బ్యాండువాళ్లు సాయంత్రం తమతో వాయించమన్నారు! నచ్చితే ఊరూరా తిరిగే బ్యాండులో నేనే గిటారు!"

ఊరూరా అన్న మాటతో పెళ్లి సంగతి ఆయన బుర్రలోంచి ఎగిరిపోయింది. ఊళ్లో ఎంతైనా వాయించుకో, ఊరు మాత్రం దాటకు అన్నది ఆయన పెట్టిన బ్రేకు. అయినా తెల్లవారుజామున తను చేసిన ఘనకార్యం గుర్తొచ్చి మీసంలో నవ్వుకున్నాడు.

"ముందు బల్ల మీద చూడు. ఇక నీ డబ్బాలు జారితే ఒట్టు!"

గిటారు గొంతు మార్చే ఇనప డబ్బాలవి. పెడల్స్ అంటుంది కూతురు. కాలితో నొక్కినప్పుడల్లా, స్నానానికి పిలిచిన పిల్లాడిలా పక్కకి జారుకునేవి. ఏ సమస్యకైనా తండ్రి దగ్గర ఒకటే సొల్యూషన్: పంక్చర్లకి పూసే సొల్యూషన్. దాంతోనే డబ్బాలన్నిటినీ ఒక చెక్కకి అంటించేశాడు.

కూతురు ఒక డబ్బా పట్టుకుని లాగింది. చెక్క మొత్తం లేచొచ్చింది. ఆమె మొహం వాడిపోయింది.

"ఇదేంటి నాన్నా! బ్యాటరీ అడుగు నుంచి మార్చాలి. పైగా ఇందులో రెండు ఆ బ్యాండులోని నా స్నేహితురాలివి, అడిగినప్పుడు తిరిగిచ్చేయాలి. ఇప్పుడే ఫోన్లో మాటిచ్చాను!"

"గట్టిగా ఉండటం కూడా తప్పేనా?"

"నీకిష్టమైందల్లా అంటించేస్తావు. నన్నూ ఈ గుమ్మానికి అంటించేశావు!"

తల్లి మధ్యలో కలగజేసుకుంది. "ముందు సాయంత్రం సంగతి చూడండి. చురకలు తర్వాత అంటించుకోవచ్చు!"

తండ్రి చెక్క చంకన పెట్టుకుని షాపులోకి నడిచాడు. జిగురు మీద పెట్రోలు గుడ్డతో అద్ది, డబ్బాల కింద సన్నటి దారం పోనిచ్చి అటూ ఇటూ లాగాడు. ఒక్క గీత పడకుండా ఊడొచ్చాయి.

"ఇంక జిగురొద్దు నాన్నా. డబ్బాకి కన్నమూ పెట్టకూడదు" అంది వెనకే వచ్చిన కూతురు.

ఆయన చూపు మేకుకి వేలాడుతున్న పాత చెయిను మీద పడింది. పిన్నులు కొట్టి లింకులు విడదీశాడు. ఒక్కో దానికి ఈ చివరో కన్నం, ఆ చివరో కన్నం. డబ్బా అడుగున ఉన్న స్క్రూనే విప్పి, లింకు ఒక కన్నంలోంచి మళ్లీ బిగించాడు. రెండో కన్నంలోంచి చెక్కకి ఇంకో స్క్రూ. అంతే!

"ఇలా ఇవ్వు!" కూతురు స్క్రూడ్రైవరు లాక్కుని మిగతావన్నీ తనే బిగించింది. లేచి టకటకా తొక్కింది. ఏదీ కదల్లేదు. మళ్లీ కూర్చుని ఒకటి విప్పింది. చేతిలోకొచ్చేసింది.

"నాన్నా, జారట్లేదు! ఊడొస్తోంది కూడా!"

ఆమె అరచేతిలోని డబ్బాని తండ్రి అందుకుని తిప్పి తిప్పి చూశాడు.

"చక్రం విప్పడానికి రాని సైకిలుని నేనైతే షాపు గడప ఎక్కనివ్వను" అన్నాడు మెల్లిగా. "ఇంట్లో మాత్రం... సరే, వాళ్లు రమ్మంటే వెళ్లిరా తల్లీ. వచ్చినప్పుడల్లా లింకులు అరిగాయేమో చూస్తాలే."

కూతురు ఆయన్ని చుట్టేసింది. కళ్లు తుడవబోయి ఆమె బుగ్గకి గ్రీజు పూశాడాయన.

"మరి పెళ్లికొడుకు ఒప్పుకున్నాడా?" నాయనమ్మ గుమ్మంలోంచి నిలదీసింది.

అందరూ తెల్లమొహాలు వేశారు. ముందుగా కూతురికే వెలిగి, పకపకా నవ్వింది. "పెళ్లి కాదు నాయనమ్మా, పెడల్! పెడల్స్‌ని శాశ్వతంగా అంటించనని ఫోన్లో చెప్పాను. ఇవిగో, ఇవే!"

నాయనమ్మ వంగి లింకుల్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"జారిపోవు, కావాలంటే ఊడొస్తాయి. బాగానే ఉంది. ఒరేయ్, దీని పెళ్లికి కూడా నాలుగు దాచి ఉంచరా!"