నలుపులో కూర్చున్న మనిషి

పొద్దున తాగిన టీ కప్పులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఫ్రేము కట్టించి తెచ్చిన ఫొటోను కూతురు హాల్లో గోడకు తగిలించింది. కిటికీ పక్కన దుప్పటి మడతపెడుతున్న అమ్మ. చెంప మీద, వేళ్ల మీద మాత్రం పల్చటి వెలుగు. మిగతా గదంతా నలుపు. కూతురి స్టూడియోకి పేరు తెచ్చింది ఆ నలుపే. కావాలనే వెలుగు తగ్గించి తీస్తుంది. తర్వాత కంప్యూటర్లో నీడల్ని ఇంకా లోతుకు దించుతుంది.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. తనను తాను చూసుకోలేదు. వెనక మూల నలుపులో వేలితో వెతికింది.

"ఇక్కడ మీ నాన్న ఉండాలి కదే. ఏరి?"

"నీడలో కలిసిపోయారమ్మా."

"కలిసిపోయారా, నువ్వు కలిపేశావా?"

"అప్పుడు ఆయన నిద్రపోతున్నారు. పైగా ఆ మూల అంతా మందులు, సామాను. నల్లగా ఉంటేనే ఫొటోకి అందం."

"అందం కోసం ఇంట్లో మనిషిని చెరిపేస్తావా?"

పక్కగదిలోంచి నాన్న గొంతు వినిపించింది. "పోనీలేవే. ఆ మూల కరెంటు పోయిందనుకో." నవ్వబోయారు. జబ్బు పడ్డాక ఆయన నవ్వు ఎప్పుడూ దగ్గులోనే తేలుతోంది.

అమ్మ గొంతు తగ్గించింది. "ఆయన మొహం వంక తిన్నగా చూసి ఎన్నాళ్లయిందే నువ్వు? మందిచ్చేటప్పుడు కూడా గ్లాసు వంకే చూస్తావు."

"చూడలేకపోతున్నానమ్మా. అలా ఎముకల గూడులా..."

"నేను చూడట్లేదూ?"

కూతురు వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ మూల చూడదగ్గదేమీ లేదని అమ్మకు చూపించాలన్నదే ఆమె పంతం. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫొటో తెరిచి, నీడల్ని కొద్దికొద్దిగా పైకి లేపింది. నలుపు బూడిదరంగుకు తిరిగింది. తెర నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. వాటిలోంచి ముందు కుర్చీ చెయ్యి తేలింది, తర్వాత మోకాలు, తర్వాత మనిషి.

నాన్న నిద్రపోవడం లేదు. ఇస్త్రీ చొక్కా, మెడదాకా పెట్టుకున్న గుండీలు. ఒక చెయ్యి నెత్తిన జుట్టు సర్దుకుంటూ ఆగింది. కళ్లు సూటిగా కెమెరాలోకి చూస్తున్నాయి. ఆయన ఫొటో దిగుతున్నారు.

ఆ వేళ తాను కెమెరాలోంచి గదంతా చూసింది. ఆ చూపొక్కటే తనకు తగల్లేదు. తగల్లేదో, తగలనివ్వలేదో. వెనక నిలబడ్డ అమ్మ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

కూతురు లేచి పక్కగదిలోకి వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

"నాన్నా, ఆ రోజు ఇస్త్రీ చొక్కా ఎందుకు వేసుకున్నారు?"

"నువ్వు ఫొటో తీస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నన్నూ అనుకున్నాను." ఆయన దుప్పటి అంచు సర్దుకున్నారు. "దొరికానా అందులో?"

"దొరికారు. కాస్త మసగ్గా."

"ఉన్నానుగా. చాలు."

ఆమె గ్లాసు వంక చూడలేదు. గుంటలు పడిన బుగ్గలు, మాసిన గడ్డం, తనకోసం ఎదురుచూసి అలసిన ఆ కళ్లు. నీళ్లు అడ్డుపడుతున్నా తల తిప్పుకోలేదు.

"ఏంటే అమ్మాయ్, అలా చూస్తున్నావు?"

"చూస్తున్నాను నాన్నా."