పళ్ళ డాక్టరు కారుకి పళ్ళూడిన కేసు

మా చేటచెవుల డిటెక్టివు జన్మలో ఒక్కసారి కూడా పొరబడలేదు. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో అనుమానాలు పెట్టుకోకండి. పక్కవీధిలో చీమ తుమ్మితే జలుబు ఎడమ ముక్కులోనా కుడి ముక్కులోనా అని చెప్పగల చెవులవి.

ఆ ఉదయం ఆయన ఆఫీసు తలుపు తోసుకుని పళ్ళ డాక్టరు వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, ఆ చొక్కా కంటే తెల్లబోయిన ముఖం. అంత భయంలోనూ కుర్చీని చేతిరుమాలుతో తుడుచుకుని గాని కూర్చోలేదు. బల్ల మీదున్న పాత గుడ్డముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్టలో వేశాడు. అప్పుడు గాని నోరు పెగల్లేదు.

"నన్ను చంపబోయారండీ."

"ఎవరు?"

"మా తమ్ముడు. మేడ మీద వాటాలో ఉంటాడు."

డిటెక్టివు మేనకోడలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆయనకి అసిస్టెంటు ఆవిడే. మేనమామ తెలివి మీద ఆవిడకి ఎంత గురి అంటే, ఆయన ఆవులించినా అందులో ఏదో ఆధారం ఉందనుకుంటుంది.

డాక్టరు చెప్పిన సంగతి ఇదీ. ఆయన కారు పాతదే, మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. కానీ పందెపు జాతిది. తొక్కితే లేడిలా దూకుతుంది. కిందటి వారం షెడ్డులో సర్వీసు చేయించాడు. ఆ మర్నాటి నుంచి వెనకాల సన్నగా మూలుగు. నిన్న బైపాసు మీద వేగంగా పోతుంటే మాడు వాసన, ఆ వెంటనే ఫెళ్ళుమని చప్పుడు. వెనక చక్రాలు బిగుసుకుపోయి, కారు బొంగరంలా తిరిగి రోడ్డు మధ్య గోడకి జానెడు దూరంలో ఆగింది.

"మీ తమ్ముణ్ణే ఎందుకు అనుమానించారు?"

"ఆ కారంటే వాడికి ప్రాణం. ఇంకో తాళం వాడి దగ్గరే ఉంది. సాయంత్రంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. తప్పు వాడిది కాదని తేలితే చెప్పండి, లేకపోతే వాడి మొహం చూడను."

"సాయంత్రంలోగా తేలుస్తా," అన్నాడు డిటెక్టివు, చెవులు నిక్కించి.

షెడ్డులో కారు ఎత్తి పెట్టి ఉంది. వెనక చక్రాల మధ్య గుమ్మడికాయంత ఇనుప డబ్బా, అదే డిఫరెన్షియల్. ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచేది అదే. షెడ్డు మేస్త్రీ దాని మూత విప్పి చూపించాడు. లోపలి గేరు పళ్ళు కొన్ని విరిగిపోయాయి, మిగిలినవి వేడికి నీలంగా కమిలిపోయాయి. నూనె చుక్క లేదు.

"సీలు పోయి ఆయిలు కారిపోయింది. తేలిపోయింది," అన్నాడు డిటెక్టివు.

"కారితే డబ్బా చుట్టూ జిడ్డు పేరుకోదా సార్? చూడండి, పొడి దుమ్ము, ఊదితే ఎగిరిపోతోంది," అన్నాడు మేస్త్రీ.

ఒక్కసారి కూడా పొరబడలేదన్నానుగా? ఇది పొరబడటం కిందకి రాదు. గొంతు సవరించుకోవడం.

"అయితే ఆయిలు దించిందెవరు?"

"నేనే. ఇంత తిరిగిన బండికి గేరాయిలు మార్చకపోతే ఎలా? దించడం నా పని. కొత్తది పొయ్యడం ఆయన పని." మేస్త్రీ 'ఆయన' అన్నది మూరెడు దూరంలో నిలబడ్డ సొంత అల్లుణ్ణి.

"పొయ్యాలని నాకెవరు చెప్పారో అడగండి సార్," అన్నాడు అల్లుడు గోడకేసి చూస్తూ.

"చెప్పాల్సిన తీరులో చెప్పానని చెప్పండి."

"చెప్పలేదని చెప్పండి."

మధ్యలో డిటెక్టివు మెడ అటూ ఇటూ తిరిగి పట్టేసింది. మేనకోడలు ఆ గొడవలోంచి పక్కకి తప్పుకుని ఇంకో కారు దగ్గరికి వెళ్ళింది. దాని స్టీరింగుకి జిడ్డోడుతున్న నీలం గుడ్డ కట్టి ఉంటే, ఇదేమిటా అని చెయ్యి చాచింది.

"ముట్టుకోకమ్మా!" మామా అల్లుడూ ఒక్క గొంతుతో అరిచారు. వెంటనే ఒకడు స్పానరు వెతుక్కున్నాడు, ఇంకొకడు గొళ్ళెం సర్దుకున్నాడు.

డాక్టరు ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు వరండాలో అట్టపెట్టెలకి తాడు కడుతున్నాడు.

"కారు మీద మోజట నీకు?" అడిగాడు డిటెక్టివు.

"మోజున్నవాడు పాడు చేసుకుంటాడాండీ? సర్వీసయిన మర్నాటి నుంచీ మొత్తుకుంటున్నా. అన్నయ్యా, వెనక మూలుగుతోంది, తొక్కినప్పుడు ఒక రాగం, వదిలినప్పుడు ఇంకో రాగం, డిఫరెన్షియల్లో ఆయిలు ఉందో లేదో చూపించు, లేకపోతే పళ్ళు రాలిపోతాయి అని."

"ఆయనేమన్నారు?"

"పాట సౌండు పెంచాడు."

తాడు ముడి బిగించి, తల ఎత్తకుండానే అన్నాడు: "చిన్నప్పుడు సైకిలు తొక్కడం నేర్పింది మా అన్నయ్యేనండీ. నేను చంపబోయానట."

బయటికి రాగానే డిటెక్టివు గుసగుసగా, "దొంగ దొరికాడు. ఆయిలు లేదని ఇతనికి ముందే ఎలా తెలుసు? అల్లుడూ ఇతనూ కుమ్మక్కు," అన్నాడు.

"అబ్బ, మావయ్యా!" అంది మేనకోడలు.

సరే, ఇది పొరబడటమే. ఒప్పుకుంటున్నాను. ఈ కేసులో ఆయన పొరబడని గంట వెతికినా దొరకదు. దారిలో మేస్త్రీని అనుమానించాడు, తర్వాత ఆ మధ్యగోడని, కాసేపు నన్ను కూడా. నేను ఆ ఊళ్ళోనే లేను.

ఆఫీసుకొచ్చి, బుర్ర వేడెక్కి, కళ్ళజోడు తుడుచుకుందామని బల్లంతా తడిమాడు. "నా గుడ్డేదే?"

"డాక్టరుగారు చెత్తబుట్టలో పడేశారుగా, మావయ్యా. మురికిగా ఉందని."

డిటెక్టివు జోడు చేతిలోనే ఉండిపోయింది. ఆ చెవులు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. "పద. అందర్నీ షెడ్డుకి రమ్మను," అన్నాడు.

ఎండ వాలేసరికి అందరూ చేరారు. తమ్ముడి పెట్టెలు ఎక్కించిన అద్దె వ్యాను వీధిలో ఆగి ఉంది. డిటెక్టివు నీలం గుడ్డ కట్టిన కారు పక్కన నిలబడ్డాడు.

"మేస్త్రీ, నిజం చెప్పు. నువ్వూ నీ అల్లుడూ మాట్లాడుకోరు. ఆయిలు దించితే నువ్వు స్టీరింగుకి గుడ్డ కడతావు. అతను పోశాక విప్పుతాడు. అంతేనా?"

మేస్త్రీ తల దించుకున్నాడు. "ఇంటి గొడవ బయట పడితే బేరాలు పోతాయని చెప్పలేదు సార్. ఆ రోజూ కట్టాను. తినొచ్చేసరికి కారు లేదు, అల్లుడు పోసే పంపాడనుకున్నాను."

"నేనొచ్చేసరికి కారూ లేదు, గుడ్డా లేదు సార్," అన్నాడు అల్లుడు. "గుడ్డ కనబడలేదంటే నేను పొయ్యాల్సింది లేనట్టే. ఇన్నేళ్ళలో అది ఎప్పుడూ అబద్ధమాడలేదు."

"ఇద్దరూ నిజమే చెప్పారు. అందుకే నాకు మెడ పట్టేసింది. డాక్టరుగారూ, కారు మీరే తీసుకెళ్ళారు కదూ? అప్పుడు షెడ్డులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. వీళ్ళిద్దరూ కలిసి తినరుగా, చెరో వైపు భోజనానికి పోయారు. నాకు పేషెంటు టైమయింది. మేకుకి తాళం ఉంటే తీసుకున్నాను."

"స్టీరింగు మీద ఏముంది?"

"ఏదో పాడు గుడ్డ. అసహ్యంగా, జిడ్డుగా..." డాక్టరు ఆగాడు. తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. "తీసి పారేశాను."

"మిమ్మల్ని చంపబోయింది మీరేనండీ," అన్నాడు డిటెక్టివు. "ఇంటికీ క్లినిక్కీ మధ్య దూరం తక్కువ కాబట్టి, గేరు పళ్ళకి అంటుకున్న ఆయిలు తడితో కారు నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. బైపాసు మీద తొక్కేసరికి మాడింది. పన్ను సలుపుతోందని పేషెంటు చెబితే మీరు పాట పెట్టరుగా? వయసు మళ్ళిన కారు మూలిగితే అదే రోజు ఆపి, ఆయిలు చూడాలి. ఆయిలు దించినప్పుడు అడుగు బోల్టుకి, పళ్ళు అరిగి రాలిన ఇనుప రజను అంటిందేమో చూడాలి. ఆయిలు చూపించమని మీకు చెప్పిన మనిషి ఒకడున్నాడు. పెట్టెలు కట్టుకుని బయట నిలబడ్డాడు."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. నీలం గుడ్డ ఉన్న కారు వైపు చూపించి, గోడతో కాదు, అల్లుడితోనే అన్నాడు: "దీంట్లో పోశావా?"

"ఇంకా లేదు మామా."

"పొయ్యి మరి."

డాక్టరు వ్యాను దగ్గరికి వెళ్ళాడు. తమ్ముడు గలగలా నవ్వేసి, "పోనీలే అన్నయ్యా, కారుకి కొత్త పళ్ళు నువ్వే కట్టు," అని పెట్టెలు దింపాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ నవ్వు. చీమ తుమ్ము కూడా నిజమే, నమ్మితే నమ్మండి. తమ్ముడు నవ్వలేదు, మాట్లాడలేదు, పెట్టెల మీద చెయ్యి కూడా వెయ్యలేదు. వ్యానుని మళ్ళీ ఇంటికి తిప్పించి, వాటిని డాక్టరే దింపాడు, ఒక్కొక్కటీ ఛాతీకి ఆనించుకుని. మేడ మెట్లెక్కేసరికి ఆ తెల్ల చొక్కా ముందంతా దుమ్ము. ఆయన దాన్ని దులుపుకోలేదు. చివరి పెట్టె లోపల పెట్టి తమ్ముడి గదిలో నేల మీదే కూర్చున్నాడు, అతను ఏదో ఒకటి అనేదాకా.